కుడి ముందు చక్రం

కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద, పసుపు గోదాములు దాటాక, ఎడమచేతి వైపు ఒక పెద్ద రేకుల షెడ్డు కనిపిస్తుంది. దానికి బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే దేవేందర్‌కు ఒళ్ళు మండుతుంది. "బండి ఆగిపోయినోడు బోర్డులు సదువుకుంట తిరుగుతడా? ఎవ్వల్నన్న అడుగుతడు, వాళ్ళే చూపిస్తరు" అంటాడు. ఆ మాటా నిజమే. జగిత్యాల నుంచి వచ్చేవాళ్ళున్నారు, సిరిసిల్ల నుంచి పనిగట్టుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. కారు బ్రేకులంటే దేవేందర్ చూడాల్సిందేనని వాళ్ళ నమ్మకం.

అంత నమ్మకానికి కారణం పెద్దదేం కాదు. ఆయన ఊరికే సామాను మార్చడు. కొందరు మెకానిక్కులు చిన్న చప్పుడు వినబడగానే సగం బండి విప్పి కొత్త సామాను రాసిచ్చేస్తారు. దేవేందర్ ముందు కారు చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు. తర్వాత ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు. "దీనికి ఆఖరికి చెయ్యి వెట్టిందెవ్వలు?" కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ అడిగే తీరు పోలీసు వాడి తీరులా ఉండి కాస్త నొచ్చుకుంటారు. పాతవాళ్ళు మాత్రం నవ్వి పూస గుచ్చినట్టు అంతా చెప్పేస్తారు.

ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు, సిరిసిల్లది. దేవేందర్ పుట్టింది అక్కడి నేతకారుల ఇంట్లో. పదో తరగతి అవుతూనే మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. మరమగ్గాలను ఆ ఊళ్ళో సాంచెలంటారు. సాంచెలు బాగుచేసే సాంబయ్య మేస్త్రీ దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకున్నాడు. సాంబయ్యకు ఒక పట్టింపు ఉండేది. షిఫ్టు దిగే మనిషి ఎక్కే మనిషికి సాంచెను ఊరికే అప్పగించి పోకూడదు. ఏ పోగు అతికాడో, ఏ బోల్టు తిప్పాడో, ఎక్కడ చెయ్యి పెట్టాడో నిలబడి చెప్పాలి. చెప్పకుండా జారుకున్నవాణ్ణి సాంబయ్య చాయ్ హోటల్ దాకా వెంటబడి మరీ వెనక్కి పట్టుకొచ్చేవాడు. "సాంచె ఆగితె ఏం ఇరిగిందని చూడకురా. ఆఖరి చెయ్యి ఎవనిదో అడుగు. సగం రిపేరు ఆడ్నే అయిపోతది" అనేవాడు. చప్పుడుకు చెవులు సగం పోయిన మనిషి కాబట్టి ఆ మాట కూడా అరిచే చెప్పేవాడు. దేవేందర్‌కు అది అలాగే బుర్రలో నాటుకుపోయింది.

తర్వాత షార్జాలో పదకొండేళ్ళు కార్ల గ్యారేజీ పని. ఆ పదకొండేళ్ళలో బ్రేకులు కాస్తా కంప్యూటర్లయిపోయాయి. ఏబీఎస్ అన్నది ఆయన అక్కడే నేర్చుకున్నాడు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా, సెకనులో ఎన్నోసార్లు పట్టుకుని వదిలే ఏర్పాటు అది. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఇంజను పక్కన ఉండే డబ్బాకు చెప్పడమే దాని పని. ఒక్క చక్రం కబురు అందకపోయినా డబ్బా అలుగుతుంది, డ్రైవర్ ముందు పసుపు లైటు వెలిగించి తన పని మానేస్తుంది. మామూలు బ్రేకులు పడతాయి కానీ, తడి రోడ్డు మీద ఆదుకునే దిక్కుండదు.

గల్ఫ్ చాలనుకుని తిరిగొచ్చాక భార్య వసంత ఊరైన కోరుట్లలో షెడ్డు వేశాడు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. మోకాళ్ళు అప్పుడప్పుడు మాట వినవు గానీ చేతులు ఇంకా వింటాయి. ఆ చేతుల మీద ఆయనకు కాస్త గర్వం కూడా ఉంది, దాచుకోవడం రాదు.

మొన్న వానాకాలం, బడులకు సెలవైన ఒక రెండో శనివారం పొద్దున జగిత్యాల ముత్యం వచ్చాడు. ముత్యం కూడా గల్ఫ్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చినవాడే. సెకండ్ హ్యాండులో ఏడు సీట్ల కారు కొనుక్కుని, రోజూ ఐదుగురు టీచర్లను జగిత్యాల నుంచి సారంగాపూర్ బడికి తీసుకుపోయి తీసుకొస్తాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఐదుగురి వల్లే. మామూలుగా షెడ్డులోకి వస్తూనే "అన్నా, చాయ్" అని కేకేసే మనిషి, ఆ పొద్దున కారు దిగి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏంది తమ్మీ, గట్ల నిలవడ్డవ్?"

"అన్నా, గా ఏబీఎస్ లైటు పోతలేదే. ఎప్పటికి ఎలుగుతనే ఉన్నది."

"ఎలుగుతె ఎలుగని. బ్రేకులు వడుతున్నయా లేవా?"

"వడుతున్నయ్ గని..." అని ముత్యం జరిగింది చెప్పాడు. గురువారం వానలో సారంగాపూర్ దగ్గర బర్రె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కగానే చక్రాలు బిగుసుకుని కారు జారుకుంటూ పోయి మక్క చేనులో దిగబడింది. బర్రెకు ఏం కాలేదు, టీచర్లకూ ఏం కాలేదు. పోయిందల్లా ముత్యం పరువు. అడ్డదిడ్డంగా నడుపుతున్నావని ఐదుగురూ కలిసి కడిగేశారు. సోమవారం పొద్దున కూడా ఆ లైటు వెలుగుతూ కనిపిస్తే వేరే బండి మాట్లాడుకుంటామని తేల్చి చెప్పేశారు.

"సోమవారం లోపల కావాలె అన్నా. ఈ ట్రిప్పు పోతె నేను మల్ల ఇమానం ఎక్కుడే" అన్నాడు ముత్యం. తమాషాగా అనబోయాడు గానీ అలా వినబడలేదు.

దేవేందర్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అలవాటు ప్రకారం అడిగాడు. "దీనికి ఆఖరికి చెయ్యి వెట్టిందెవ్వలు?"

ముత్యం గోడకు వేలాడుతున్న పానాల వైపు చూశాడు. "ఎవ్వలు వెట్టలే అన్నా."

"పక్కానా?"

"పక్కా అన్నా."

దేవేందర్ స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద తగిలించాడు. కుడి ముందు చక్రం నుంచి కబురు రావడం లేదని రాసి చూపించింది. ముత్యాన్ని నడపమని, తాను పక్కన కూర్చుని స్కానర్ చూస్తూ గోదాముల దాకా పోయొచ్చాడు. మూడు చక్రాల అంకెలు ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై అని ఎగురుతున్నాయి. కుడి ముందుది మాత్రం సున్నా దగ్గర కూర్చుని లేవనంటోంది.

చాలామంది అయితే అక్కడే కొత్త సెన్సర్ వేసేసేవారు. దేవేందర్ చక్రం విప్పి సెన్సర్ బయటికి తీశాడు, బట్టతో తుడిచి మళ్ళీ పెట్టాడు. సున్నానే. వైరును మొదటి నుంచి చివరి దాకా వేళ్ళతో తడుముతూ పోయాడు, మీటర్ పెట్టి చూశాడు. వైరు బాగుంది, కరెంటు వస్తోంది. ఎడమ చక్రం సెన్సర్ తీసి కుడికి, కుడిది ఎడమకు మార్చి మళ్ళీ నడిపించాడు. ఎడమ పక్క అంకె మామూలుగానే ఎగిరింది. కుడి పక్క సున్నా అలాగే ఉంది. అంటే సెన్సర్ మంచిదే.

ఇక మిగిలింది డబ్బా ఒక్కటే అనిపించింది. మధ్యాహ్నానికి ఆయన ఆ మాట అనేశాడు. "డబ్బనే పోయినట్టుంది తమ్మీ. హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. మంగళవారం గాని రాదు."

ముత్యం తలూపి, బయటికి పోయి మురుగు కాలువ మోరీ గట్టు మీద కూర్చున్నాడు. ఫోను తీసి సోమవారం పూటకు కారు ఇస్తావా అని ఎవరినో బతిమాలడం షెడ్డులోకి వినబడుతూనే ఉంది. దేవేందర్‌కు అది వినబుద్ధి కాలేదు.

అప్పుడే వసంత సద్ది టిఫిన్ పట్టుకొచ్చింది. మొగుడు విప్పిన చక్రం ముందు పీట వేసుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమయ్యా, అది ఏమన్న మాట్లాడుతున్నదా నీతోని? అన్నం సల్లగైతాంది."

"డబ్బ పోయిందని చెప్పిన. చెప్పినంక మనసున వడుతలేదు."

"మనసున వడకపోతె మల్ల చూడు. చెప్పినమాట ఎనుకకు తీస్కుంటె జరిమాన ఏస్తరా ఎవ్వలన్న?" అని ఆమె టిఫిన్ విప్పి, పప్పు వేసి చేతిలో పెట్టింది.

దేవేందర్ తింటూ చక్రం లోపలి భాగాన్ని చూస్తూనే ఉన్నాడు. మూడో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇరుసు చివర పెద్ద నట్టు మీద తెల్ల పెయింటు చుక్క ఉంది. బిగించిన ప్రతి నట్టు మీదా అలాంటి చుక్క పెట్టడం షార్జాలో అలవాటైంది. ఈ చుట్టుపక్కల ఆ పని చేసేది ఆయనొక్కడే.

ఆఖరి చెయ్యి తనదే.

రోజుకు నాలుగైదు బండ్లు చూసే హడావిడిలో మరిచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పదిహేను రోజుల కింద ముత్యం ఇదే చక్రంలో గుయ్యిమని చప్పుడు వస్తోందని వచ్చాడు. బేరింగ్ అరిగిందని చెప్పి, పాతది తీసి కొత్తది ప్రెస్సు మిషన్లో పెట్టి నొక్కి బిగించింది దేవేందరే. చప్పుడు పోయిందా లేదా అని తల కిటికీలోంచి బయట పెట్టి చెవులు రిక్కించి ఆ మూల మలుపు దాకా మెల్లగా పోయొచ్చాడు. డ్రైవర్ ముందు లైట్ల వైపు చూడనే లేదు.

ఈ కాలపు బేరింగులకు ఒక ముఖాన సన్నని నల్లటి అయస్కాంతపు పట్టీ ఉంటుంది. సెన్సర్ చదివేది దాన్నే. ఆ ముఖం లోపలికి, సెన్సర్ వైపుకి ఉండాలి. తిరగేసి పెట్టినా బేరింగ్ చక్కగానే తిరుగుతుంది, చప్పుడూ రాదు. సెన్సర్‌కు మాత్రం గోడను చూస్తున్నట్టే. ఈ సంగతి దేవేందర్‌కు తెలియనిది కాదు. కానీ పాత బండ్లకు ఎటు పెట్టినా ఒకటే. ముప్పై ఏళ్ళ అలవాటు చేతిదైతే, పదేళ్ళ తెలివి బుర్రది. ఆ రోజు చెయ్యి బుర్రను అడగకుండానే పని కానిచ్చేసింది.

అన్నం పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. ఇరుసు ఊడదీసి, ఒక గుండుసూదిని బేరింగ్ లోపలి ముఖానికి తాకించాడు. సూది జారి కింద పడింది. బేరింగును ప్రెస్సులో పెట్టి బయటికి నెట్టి, రెండో ముఖం మీద గ్రైండర్ కింది ఇనుప పొడి చల్లాడు. పొడి సన్నటి గీతలు గీతలుగా లేచి నిలబడింది, సాంచె భీముకు చుట్టిన పడుగు పోగుల్లా దగ్గరదగ్గరగా, ఎక్కడా తప్పకుండా. అయస్కాంతం ఉండాల్సిన చోట కాకుండా బయటివైపు ఉంది. ఇక అనుమానం లేదు.

వసంత వెనక నిలబడి చూసింది. "దొరికిందా?"

"దొరికింది. నేనే."

ఆమెకు సగమే అర్థమైంది.

దేవేందర్ చేతులు తుడుచుకుంటూ కాసేపు నిలబడ్డాడు. అబద్ధం చెప్పడం చాలా సులువు. సెన్సర్‌లో చెత్త ఇరుక్కుంది, తీసేశానంటే చాలు. ముత్యం కాళ్ళకు మొక్కినంత పని చేస్తాడు. కొత్త బేరింగ్ వేస్తే లైటు ఆరిపోతుంది, ఎవరికీ తెలియదు. డబ్బా పోయిందనుకుంటే దేవేందర్ అన్న డబ్బా లేకుండానే బాగుచేశాడని ఊరంతా చెప్పుకుంటారు కూడా. ఆ ఆలోచన వచ్చిందని ఆయన తర్వాత వసంతకు చెప్పుకున్నాడు. మంచి మెకానిక్ అనిపించుకోవడం ఆయనకు ఎంత ఇష్టమో ఆమెకు తెలుసు. అయినా చెప్పకుండా పోయిన మనిషి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని ఇంకొకరిని ఆ ప్రశ్న అడుగుతాడు?

బయటికి పోయి ముత్యం పక్కన మోరీ గట్టు మీదే కూర్చున్నాడు.

"డబ్బ మంచిగనే ఉన్నది తమ్మీ. తప్పు నాది. మొన్న బేరింగ్ ఉల్ట ఏసిన. లైటు ఎలిగింది నాతోనే, నీ బండి జారింది నాతోనే."

ముత్యం ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాడు దేవేందర్. అతను ఆశ్చర్యపోలేదు. తప్పు తనదే అన్నట్టు తల వంచుకున్నాడు.

"నాకు అనుమానం అచ్చింది అన్నా. బేరింగ్ ఏసిన్నాటి సందెల్నే ఎలిగింది లైటు."

"మరి ఎవ్వలు చెయ్యి వెట్టలే అంటివి గదనే?"

"నీ చెయ్యి గూడ లెక్కల్నే అస్తదా అన్నా?"

దేవేందర్‌కు కోపం వచ్చింది. తన మీది కోపమంతా ముత్యం మీద పడింది. "నా చెయ్యి అయితె ఏంది, బంగారమా? పదిహేను దినాలు గా పిల్లలకు సదువు చెప్పే తల్లులను తడి రోడ్డు మీద తిప్పినవ్. ఒక్క ఫోను చేస్తె పోయేదా?"

"నువ్వు చిన్నవోతవని చెయ్యలే."

దేవేందర్ లేచి మోటార్ సైకిల్ తీసి, వాన తుంపర్లలోనే మెట్‌పల్లి పోయి, ఊడదీసింది మళ్ళీ పనికిరాదు కాబట్టి కొత్త బేరింగ్ తెచ్చాడు. ఆదివారం పొద్దున ముత్యాన్ని ఎదుట కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టాడు. కొత్త బేరింగ్ మీద ఇనుప పొడి చల్లి ఏది లోపలి ముఖమో అతనికీ చూపించాడు. పొడి శుభ్రంగా తుడిచి, ప్రెస్సులో పెట్టే ముందు పైకే అన్నాడు. "నల్లపట్టి సెన్సర్ దిక్కు." ముత్యం కూడా "సెన్సర్ దిక్కు" అన్నాడు. ఇద్దరూ పెళ్ళి తంతులో మంత్రం అన్నంత గంభీరంగా అనేసరికి వసంత ముసిముసిగా నవ్వుకుంది.

కారు కదిలిన కాసేపటికే లైటు ఆరిపోయింది. స్కానర్‌లో నాలుగు అంకెలూ కలిసి ఎగిరాయి. రైసు మిల్లు వెనక బురద దారిలో దేవేందర్ బ్రేకు గట్టిగా తొక్కించాడు. పాదం కింద పెడలు గరగరలాడింది, కారు గీత గీసినట్టు తిన్నగా వచ్చి ఆగింది.

"గిదే. గీ గరగర నీకు పదిహేను దినాల సంది లేదు" అన్నాడు దేవేందర్.

ముత్యం మళ్ళీ తొక్కి చూశాడు. మూడోసారి కూడా తొక్కాడు. "ఇగ సాలు అన్నా, సోమవారం లైటు లేకపోతె వాళ్ళే ఎక్కుతరు" అన్నాడు సంతోషంగా.

"ఎక్కుతరు. గని గురువారం జారింది నీ డ్రైవింగుకే అనుకుంటరు గద? రేపు నేను అస్త. నేనే చెప్త."

"వద్దన్నా. నీ పేరు ఖరాబైతది. అండ్ల ఒక మేడం వాళ్ళ తమ్మునికి గూడ కారున్నది."

"ఖరాబైతె గాని."

సోమవారం పొద్దున మొదటి బస్సుకే దేవేందర్ జగిత్యాల పోయాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోళ్ళలో నలుపు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. కొత్త బస్టాండ్ ఎదురుగా టీచర్లు ఐదుగురూ బ్యాగులు, టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉన్నారు. ముత్యం కారు ఆపి దిగాడు. అందరికంటే ముందు స్వప్న మేడం వంగి కిటికీలోంచి లైట్ల వైపు చూసింది. ఆమె లెక్కల టీచరు. నలభై దాటిన మనిషి. మాట కచ్చితం. గురువారం ముత్యాన్ని ఎక్కువ తిట్టింది కూడా ఆమే.

"లైటు పోయింది" అంది, తప్పు దొరకనందుకు కాస్త నిరుత్సాహపడ్డట్టుగా.

దేవేందర్ ముందుకొచ్చాడు. దండం పెట్టాడు. దారిలో అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, సాంచె పక్కన నిలబడి షిఫ్టు దిగేవాడు చెప్పినట్టు చెప్పాడు.

"మేడం, నేను కోరుట్ల మెకానిక్‌ను. గీ బండికి కుడి ముందు చక్రం బేరింగ్ ఏసింది నేను. ఉల్ట ఏసిన. దాంతోనే బ్రేకు సెన్సర్ బందయ్యింది, దాంతోనే మొన్న బండి జారింది. డ్రైవర్‌ది ఏం తప్పు లేదు. నిన్న సక్కగ ఏసి చూసినం. ఇగ ఏం భయం లేదు."

ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. స్వప్న మేడం ముత్యం వైపు చూసింది, మళ్ళీ దేవేందర్ వైపు చూసింది.

"మరి ఈయన మాకు వేరే చెప్పిండు గదా?"

"ఏం చెప్పిండు మేడం?"

"'లైటు ఎలుగుతున్నది, మెకానిక్ సక్కగ చెయ్యలేదేమో' అని నేనే అడిగిన గురువారం. 'లేదు మేడం, మా అన్న చెయ్యి వెట్టిన బండిల తప్పుండది. నా కాలే తప్పు తొక్కింది' అన్నడు. కాలు తప్పు తొక్కేటోనివి మమ్ముల ఎట్ల తిప్పుతవని అందుకే అన్ని తిట్లు తిట్టినం."

దేవేందర్ ముత్యం వైపు తిరిగాడు. ముత్యం చేతిలో గుడ్డ పట్టుకుని, మచ్చ లేని అద్దాన్ని తెగ తుడుస్తున్నాడు. నెలనెలా ఇల్లు నడిపే బతుకుదెరువును, అన్న పేరు కోసం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు ఈ మనిషి. దేవేందర్‌కు సిగ్గు వేసింది. ఆ సిగ్గు కింద, ఇంతగా నమ్మే మనిషి ఒకడున్నాడన్న సంతోషం కూడా వేసింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆయనకు తెలియలేదు.

స్వప్న మేడం బ్యాగు భుజానికి సర్దుకుంది. గొంతులో బడి కరకుదనం కాస్త తగ్గింది.

"ముత్యం, ఏమనుకోకు. తెల్వక అన్నం." తర్వాత దేవేందర్‌తో అంది. "మీరు గూడ ఇనుండ్రి. గురువారం సంది ఈయనను తిట్టిన తిట్లు మస్తు ఉన్నయి. అండ్ల సగం మీవి."

"సగం కాదు మేడం, అన్ని నాయే" అన్నాడు దేవేందర్. "ఆయనకు ఒక్కటి గూడ ఉంచకుండ్రి."

టీచర్లంతా నవ్వారు. బడికి టైమవుతోందని ఒక్కొక్కరే ఎక్కి ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నారు.